గన్‌ఫౌండ్రీలో పరస్థానం

హోటల్ రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి మా ఆధార్ కార్డులు అటూ ఇటూ తిప్పి చూసి, "మేడమ్, మీది బేగం బజారేనా?" అంది. అవునన్నాను. "మరి ఇక్కడ..." అని ఆగిపోయింది. పాపం, ఆ పిల్ల తప్పేముంది? బేగం బజార్ నుంచి గన్‌ఫౌండ్రీకి ఆటోలో ఎంతసేపని! నడి వయసు దాటిన భార్యాభర్తలు రెండు పెద్ద సూట్‌కేసులు దొర్లించుకుంటూ, మెడకు విమానం దిండ్లు తగిలించుకుని ఆ కాస్త దూరం నుంచి వచ్చి నాలుగు రోజులకు గది కావాలంటే ఎవరికైనా అనుమానమే. "ఇంట్లో నీళ్ల ప్రాబ్లమా మేడమ్?" అంది చివరికి. నేను నోరు తెరిచేలోపే మావారు, "లేదు బిడ్డా, మేము స్పెయిన్ పోతున్నం" అన్నారు. ఆ అమ్మాయి నవ్వు దాచుకోవడానికి కంప్యూటర్ వెనక్కి వంగింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఏళ్ల తరబడి ఇదే గన్‌ఫౌండ్రీలో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైనదాన్ని. ఈ వీధుల్లో నన్ను "మేడమ్ నమస్తే" అని పలకరించేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లలో ఎవరైనా నన్నీ దిండుతో చూస్తే ఏమనుకుంటారు? దీనికంతటికీ కారణం మా అత్తమ్మ.

మా ఇల్లు పాత పద్ధతి ఇల్లు. కింద దుకాణం, పైన కాపురం. మెట్లు దుకాణంలోంచే పైకి వెళ్తాయి, కాబట్టి రెంటికీ గడప ఒక్కటే. బాదం, పిస్తా, ఎండుద్రాక్ష, యాలకులు, లవంగాలు అమ్ముతాం. వాటన్నిటికంటే మా దుకాణానికి పేరు తెచ్చింది కుంకుమపువ్వు. మా మామగారి కాలం నుంచీ స్పెయిన్ సరుకు తెప్పించడం మావాళ్లకు అలవాటు. ఎవరైనా "ఎక్కడి మాలు సేట్?" అని అడిగితే ఆయన డబ్బా మూత తీసి, వాసన చూపించి, "ఇస్పేన్ కా మాల్" అనేవారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖం చూడాలి! పెళ్లికూతురి తండ్రికి కూడా అంత గర్వం ఉండదు. ఆయనకు కాశీ వెళ్లాలని లేదు, రామేశ్వరం వెళ్లాలని లేదు. ఆ పువ్వు పొలంలో పూసి ఉండగా ఒక్కసారి చూడాలని మాత్రం ఉండేది.

తంటా అంతా అక్కడే వచ్చింది. ఆ పువ్వు ఏడాదికి ఒక్కసారి, మన దీపావళి రోజుల్లోనే కొద్ది వారాలు పూస్తుంది. మా దుకాణంలో కాలు పెట్టే సందు లేని రోజులూ అవే. మిఠాయి దుకాణాల వాళ్లు, గిఫ్టు డబ్బాల వాళ్లు, పెళ్లిళ్ల వాళ్లు అందరూ ఒకేసారి మీద పడతారు. ప్రతి దీపావళికీ మామగారు "వచ్చే ఏడు పోదాం" అనేవారు. ఆ మాట అంటూ అంటూనే ఆయన కాలం చేశారు. గల్లాపెట్టెతో పాటు ఆ మాట కూడా మావారికి వారసత్వంగా వచ్చింది.

రెండేళ్ల కిందట వీసా కూడా తెచ్చుకున్నాం. విమానం రోజు పొద్దున సూట్‌కేసులకు తాళాలు వేశాక, "ఇప్పుడే వస్త, ఒక్క గిరాకీని పంపి" అని మెట్లు దిగిన మనిషి సాయంత్రానికి గానీ పైకి రాలేదు. వచ్చి, "అయ్యో, టైమ్ అయిపాయె గదా!" అన్నారు. నేను ఒక వారం మాట్లాడలేదు. ఆయన అది గమనించినట్టు కూడా లేరు, ఎందుకంటే అది పండగ వారం. అందుకే ఈసారి టికెట్లు చేతికొచ్చినా, వీసా వచ్చినా నాకు గుండెలో దడే. ఈ మనిషి ఈసారైనా విమానం ఎక్కుతాడా, లేదా? నా బెంగంతా అదొక్కటే. స్పెయిన్ చూడకపోతే నాకేం కొంప మునగదు. కానీ ఆయన కూడా తండ్రిలాగే ఆ డబ్బా మూతలు తీస్తూ తీస్తూ ముసలివాడైపోతుంటే చూడలేను.

సరిగ్గా అప్పుడే అత్తమ్మ పరస్థానం సంగతి తెచ్చింది. ప్రయాణం రోజు మంచిది కాకపోతే ముందే ఒక మంచి ఘడియ చూసుకుని ఇల్లు కదలడం, వేరేచోట మకాం పెట్టడం, అదీ పరస్థానం అంటే. ఒకసారి కదిలాక ప్రయాణం ముగించుకుని వచ్చేదాకా మళ్లీ ఆ గడప తొక్కకూడదు. మా పుట్టింటివాళ్లు యాభై ఆరులో ఆంధ్రా తెలంగాణా కలిశాక కోస్తా నుంచి ఇక్కడికొచ్చి స్థిరపడ్డవాళ్లు. చిన్నప్పుడు మా అమ్మమ్మ నోట ఈ మాట విన్నాను గానీ ఎవరూ చేయగా చూడలేదు. "విమానం ఉన్న దినం మంచిగ లేదు బిడ్డా. దానికి నాలుగు దినాల ముందుగాల పొద్దుగాల మంచి ఘడియ ఉన్నది. గప్పుడే కదలాలె" అంది అత్తమ్మ.

"ఈ కాలంలో ఇవన్నీ ఏంటి అత్తమ్మా?" అన్నాను.

"ఏ కాలమైతేంది? గడప గదే గదా!"

ఆమెతో వాదించి గెలిచినవాళ్లు మా వీధిలో లేరు. ఎనభై దాటినా ఇప్పటికీ రోజూ ఒక పూట గల్లా మీద కూర్చుంటుంది. తూకంలో ఆమెను మోసం చేసిన వాడు పుట్టలేదు. పండగ ముందు చుట్టాలిళ్లకు సామాన్లతో పోయి కూర్చోలేం కదా, అందుకని హోటలు. మావారు తల్లి మాట కాదనలేరు. కదిలే రోజు అత్తమ్మ పెరుగులో చక్కెర వేసి ఇద్దరికీ తినిపించి, తనే ఎదురొచ్చి మమ్మల్ని సాగనంపింది. వీధిలో ఎవరో "యాడికి సేట్?" అని అడగబోతే వాళ్లకేసి ఒక్క చూపు చూసింది. వాళ్లు నోరు మూసుకున్నారు.

అత్త మీద కోపం దుత్త మీద చూపించడం అంటారే, నేనదే చేశాను. గదిలోకి వెళ్లగానే దిండ్లు అటు విసిరి, చెప్పులు ఇటు విసిరి, "మంచి గదే దొరికింది మన వనవాసానికి" అన్నాను.

నిజానికి గది చాలా బాగుంది. ఎవరిదో పాత బంగళాను బుటీక్ హోటల్ చేశారు. ఎత్తైన కప్పు, పెద్ద చెక్క తలుపులు, రంగు అద్దాల కిటికీ. ఎటు చూసినా పాత సామాను మెరిసేట్టు తోమి పెట్టారు. మావారు నడవా అంతా తిరిగొచ్చి, "మన అటక మీద ఉన్న సామానంతా గీడ షోకేసుల పెట్టిన్రు" అన్నారు. మంచం పక్కన బల్ల మీద ఇత్తడి పాత్ర ఒకటి, అందులో తెల్ల గులాబీలు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి పగలబడి నవ్వారు. "ఇది ఉగాల్దాన్ గదనే! మా తాత పాన్ నమిలి దీంట్లనే ఉమ్ముతుండె. గులాబీలు పెట్టిన్రు సూడు!" ఆ నవ్వుకు నా కోపం సగం దిగిపోయింది. స్నానాలగదికి గోడ బదులు అద్దం ఉండటం చూసి మిగిలిన సగం మళ్లీ ఎక్కింది. దానికి తెర ఉందని ఆ రిసెప్షన్ అమ్మాయి వచ్చి చూపించేదాకా స్నానం చేయనని భీష్మించుకుని కూర్చున్నాను.

టికెట్లూ వీసా అబిడ్స్‌లో ఏజెంటు చూశాడు గానీ, ఏ ఊళ్లో ఎన్నాళ్లు ఉండాలో మేం అనుకోనే లేదు. ఇంట్లో ఆ మాట ఎత్తితే కింద నుంచి "అన్నా!" అని కేక వచ్చేది. కాబట్టి స్పెయిన్ ప్లానంతా ఆ హోటల్ మంచం మీదే జరిగింది. మ్యాపు పరిచాం. ఆయన చేతిసంచిలోంచి డ్రైఫ్రూట్ పొట్లం తీశారు. నేనైతే బట్టలు సర్దుకున్నాను, ఆయన సర్దుకున్నది అదీ. మాడ్రిడ్ మీద పిస్తా పెట్టారు. కుంకుమపువ్వు పూసే పల్లెల మీద బాదం గింజ పెట్టారు. బార్సిలోనా మీద నేను జీడిపప్పు పెట్టాను.

"గీడ ఏమున్నది?" అన్నారు.

"సముద్రం ఉంది, పెద్ద చర్చి ఉంది, ఎంత బాగుంటుందో!"

"పువ్వు ఉన్నదా?"

"లేదు."

"మరెందుకు?" అని బార్సిలోనాను తీసి నోట్లో వేసుకున్నారు. నేను ఇంకో జీడిపప్పు పెట్టాను. అదీ తిన్నారు. మూడోసారి పెట్టి, "ఇది తింటే మీరొక్కరే వెళ్లండి" అన్నాను. అప్పుడు ఊరుకున్నారు. అలా నాకు బార్సిలోనాలో రెండు రోజులు దక్కాయి.

నవ్వొస్తుంది గానీ, మా కాపురంలో ఆయన పట్టపగలు నా ఎదురుగా అంతసేపు కూర్చోవడం అదే మొదటిసారి. ఆయన చెబుతుంటే వినడం అంత బాగుంటుందని నాకు తెలియదు. పువ్వు ఊదా రంగులో ఉంటుందట. ఎండ ముదరకముందే కోయాలట. ఒక్కో పువ్వులో ఎర్రటి పోగులు మూడే ఉంటాయట, వాటిని చేత్తోనే తుంచాలట. ఇవన్నీ ఆయన ఎప్పుడూ చూడలేదు, అయినా చేతివేళ్లతో గాలిలో తుంచి చూపిస్తున్నారు. ఆ రాత్రి భోజనంలో కుంకుమపువ్వు పాయసం, "కేసర్ ఖీర్" అని తెచ్చారు. ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని, "ఉత్త రంగు" అని గిన్నె పక్కకు జరిపారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. వడ్డించే అతను మాత్రం ఏమీ అనుకోలేదు, ఇంకో కప్పు కావాలా అని అడిగాడు.

సాయంత్రాలు నాంపల్లి స్టేషన్ దాకా నడిచేవాళ్లం. బయట నిలబడి చాయ్ తాగేవాళ్లం. లోపల్నుంచి కూలీలు, పెట్టెలు, పరుగెత్తే జనం. "గీళ్లందరు గింత సులువుగ ఎట్ల పోతరే?" అన్నారు ఒకసారి. నేను నవ్వి ఆయన చెయ్యి పట్టుకున్నాను. రోడ్డు మీద చెయ్యి పట్టుకుంటే విదిలించుకునే మనిషి, ఆ పూట ఊరుకున్నారు.

ఇల్లు అలకగానే పండగ కాదు కదా. ఫోను మాత్రం మానలేదు. పొద్దున లేస్తే దుకాణానికి ఫోను, టిఫిన్ దగ్గర ఫోను, స్నానాలగదిలోంచి కూడా "పిస్తా బోరా ఏడ పెట్టిన్రు?" అని బస్తాల గురించి కేకలు. దుకాణాన్ని మా మరిది చూసుకుంటున్నాడు, మంచి సమర్థుడే. ఫికర్ చేయొద్దని వాడు చెబుతూనే ఉన్నాడు. విమానానికి ముందు రోజు మధ్యాహ్నం మాత్రం ఫోను పెట్టేసి, మంచం మీద కూర్చుండిపోయారు.

"చిన్నోనికి నడుము పట్టేసిందట. బాదం బోరా లేపుతుంటే. మంచం దిగొస్తలేడంట."

"అయ్యో! డాక్టరుకు చూపించారా?"

"దవాఖానకు తీస్కపోయిన్రు. పండుకొమ్మన్నరట." మంచం మీది మ్యాపు మడత పెట్టారు. తర్వాత, నేను దేనికైతే భయపడుతున్నానో ఆ మాట వచ్చింది. "వచ్చే ఏడు పోదాం."

చిర్రెత్తుకొచ్చింది నాకు. "మీ తమ్ముడి నడుముకు మీరు వెళ్లి కాపడం పెడతారా? పనివాళ్లు లేరా? వచ్చే ఏడు ఎవరి మోకాలు పట్టేస్తుందో! ఏదో ఒకటి పట్టేస్తూనే ఉంటుంది. మీ దుకాణంలో ఎవరికీ ఏ నొప్పీ రాని దీపావళి ఎప్పుడొస్తుందో చెప్పండి, అప్పుడే టికెట్లు కొందాం" అన్నాను.

"అమ్మ ఒక్కతె ఉన్నది గల్లా మీద. గింత గిరాకీల. నేను కొడుకునేనా?"

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. వెళ్లాలని ఆయనకూ ఉంది, అదే నాకు మరీ బాధ. రేపు పొద్దున దుకాణం తెరిచే వేళకు వెళ్లిపోతానన్నారు. పరస్థానం సంగతేమిటంటే, "గడప తొక్కితే ప్రయాణం పోతదంటరు. పోయేదే లేకపాయె, ఇంక ఏం పోతది?" అన్నారు.

నాకు ఒక ఉపాయం తోచింది. నడవాలోకి వెళ్లి మా పంతులుగారికి ఫోను చేశాను. గడప తొక్కితే మహా దోషం అని ఆయన నాలుగు మాటలు గట్టిగా చెబితే, ఈ మనిషి భయపడైనా ఆగుతాడని. శాస్త్రాలను నమ్మని నేను శాస్త్రాన్ని అడ్డం పెట్టుకుంటున్నానన్నమాట! పంతులుగారు అంతా విని, "అమ్మా, అంత దోషమేం లేదు. అసలు పరస్థానానికి మనుషులే కదలాలని కూడా లేదు. ఒక సంచిలో ఒక బట్ట, గుప్పెడు బియ్యం పెట్టి పక్కింట్లో ఉంచితే సరిపోతుంది. ముహూర్తం అడిగిన రోజే మీ అత్తగారికి చెప్పాను" అన్నారు.

"మరి మేం నాలుగు రోజులు హోటల్లో..."

"ప్రయాణం రోజు కూడా మంచిదేనమ్మా. అదీ చెప్పాను. ఆమే 'సంచి పోతే సాలదు అయ్యగారూ, మనిషి పోవాలె. జర ముందటి ఘడియ సూడు' అన్నారు. చూసి చెప్పాను. అదీ మంచిదే."

వెంటనే అత్తమ్మకు చేశాను. వెనక దుకాణం సందడి అంతా వినిపిస్తోంది.

"అత్తమ్మా, పంతులుగారు అంతా చెప్పారు."

"ఔ," అంది. "సంచి పెడితే సంచే పోతది బిడ్డా. వాడు గీడనే ఉంటడు. పోయినసారి సూడలేదా? మెట్లు దిగిండు, అయిపాయె. మంచి మాటలు చెప్తే ఇనడు. గందుకే గడప బంద్ చేసిన."

నడవాలో పాత కుర్చీ ఒకటి ఉంటే అందులో కూలబడ్డాను.

"మీ మామ గింతే" అంది మళ్లీ. గొంతు తగ్గింది. "గా పువ్వు చెట్టుకు పూస్తదా, తీగకు పూస్తదా అని రాత్రిళ్లు నన్ను అడుగుతుండె. నాకేం ఎర్క? నేను చూసిన్నా? వచ్చే ఏడు, వచ్చే ఏడు అనుకుంటనే పాయె మనిషి. వీన్ని గట్ల కానియ్య నేను. నడుము చిన్నోనికి పట్టింది, నాకు గాదు. నేను కూసుంట గల్లా మీద. వానికి జెప్పకు." అంటూనే పక్కన ఎవరినో "ఏయ్, తూకం మంచిగ జూడు!" అని గదమాయించి ఫోను పెట్టేసింది.

నాకు ఏడుపొచ్చింది. నడవాలో ఆ పాత కుర్చీలో కూర్చుని ఏడ్చాను. ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది ఆ ముసలామె మీద. కొడుకును ఇంట్లోంచి వెళ్లగొట్టడానికి తల్లి ఇంత ఎత్తు వేయడం నేనెక్కడా వినలేదు. కానీ చెప్పొద్దంది కదా, చెప్పలేదు. రాత్రంతా ఆయన అటు దొర్లుతూ, నేను ఇటు దొర్లుతూ గడిపాం.

తెల్లారగానే ఆయన చొక్కా వేసుకున్నారు. విమానం ఆ రాత్రికి. "నువ్వు గీడనే ఉండు" అన్నారు. ఉంటానా! వెంటబడ్డాను. బేగం బజార్‌లో దారి లేదు. ఆటో మూలమీదే ఆపేసి, బండ్లు, బోరాలు, జనం మధ్యలోంచి నడిచి, మా దుకాణానికి ఎదురుగా ఉన్న స్టీలు సామాన్ల దుకాణం మెట్ల మీద నిలబడ్డాం. మా గడప అక్కడికి నాలుగు అంగల్లో ఉంది. లోపల అత్తమ్మ గల్లా మీద కూర్చుంది. తల మీద కొంగు, ముక్కు మీద కళ్లజోడు. చుట్టూ గిరాకీ మూగి ఉంది. ఒకరికి చిల్లర ఇస్తోంది, ఇంకొకరిని ఆగమంటోంది. చెమటకు ముఖమంతా మెరుస్తోంది. మావారు ఒక మెట్టు దిగారు. నేను ఆయన చొక్కా పట్టుకోలేదు. పట్టుకుని ఆపితే ఆగే మనిషి కాదు.

ఎప్పటి నుంచో మా దగ్గర కొనే మిఠాయి దుకాణం యజమాని ఒకాయన అప్పుడే ఇటు తిరిగి ఈయన్ని చూశాడు. సంతోషంగా చెయ్యెత్తి, "అమ్మా, గాడ నిలబడ్డది మీ పెద్ద కొడుకే గదా! జర పిలువున్రి. కేసర్ ఆయన చేతితోని తీస్కుంట" అన్నాడు.

అత్తమ్మ తల ఎత్తింది. కళ్లజోడు సర్దుకుని నేరుగా కొడుకు ముఖంలోకి చూసింది. అంత జనంలోనూ ఆ చూపు తప్పలేదు.

"కాదయ్యా" అంది. "గాయనెవరో నాకెర్క లేదు. మా పెద్దోడు ఇస్పేన్ల ఉన్నడు."

"అరే, గట్లనే ఉన్నడు గదమ్మా!"

"ఉంటరు, మనిషిని పోలిన మనుషులు. మావోడు కదిలి నాలుగు దినాలాయె. పువ్వు సూడనీకి పోయిండు." అని డబ్బా మూత తీసి, ఆ మిఠాయి దుకాణం ఆయన ముందు పెట్టి, చిన్న తక్కెడ తనే చేతిలోకి తీసుకుంది. మళ్లీ ఇటు చూడలేదు. ముల్లు చూస్తున్నట్టు తల వంచుకుంది. ఆ తక్కెడ ఎంతసేపటికీ నిలవలేదు.

మావారు దిగిన కాలు మళ్లీ పైకి తీసుకున్నారు. బజారంతా చూస్తుందని కూడా లేకుండా కండువాతో కళ్లు తుడుచుకున్నారు.

"ఇన్నవా?" అన్నారు నాతో. "నేను స్పెయిన్ల ఉన్ననంట."

"విన్నాను."

"ఇంక పోకపోతే మా అమ్మ అబద్ధం ఆడినట్టయితది" అని, వెనక్కి తిరిగి, నాకంటే ముందు ఆటో కోసం నడిచారు.